పై స్పీకరు

మా అక్క హిల్డా ఏ స్పీకరునైనా ముందు బొటనవేళ్లతోనే పలకరించేది. బల్ల మీద వెల్లకిలా పెట్టి, నల్లటి కాగితపు కోను మీద రెండు వేళ్లూ ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదిలేది. నొక్కుతూ కుడి చెవి దాని మీదికి వంచేది. కోనుకు కింద అంటించి ఉండే తీగచుట్ట అయస్కాంతం గాడిలో పిసరంత వంకరగా కూర్చున్నా లోపల సన్నగా గరగరమంటుంది. ఆ చప్పుడు మామూలు చెవికి అందదు. అక్కకు అందేది. ఎక్కడెక్కడో బాగుచేయించుకొచ్చిన స్పీకర్లను కూడా అలా విని, "మళ్లీ ఊడదియ్యాలి" అని పక్కన పెట్టేసేది.

పనైపోయిన స్పీకరును ఊరికే అలమరలో పెట్టేది కాదు. వెనక ఉండే రెండు రాగి నాలుకల్నీ ఒక తీగముక్కతో కలిపి కట్టేది. అలా కడితే కోను బిగుసుకుంటుంది. వేలితో నొక్కితే చిక్కటి తేనెలో వేలు పెట్టినట్టు ఎదురు నెడుతుంది. తీగ విప్పితే మళ్లీ తేలిగ్గా ఊగుతుంది. బండి కుదుపులకు కాగితం చిరగకుండా ఈ పని తెలిసినవాళ్లంతా చేసేదే. మా వీధిలో దాన్ని నిద్రపుచ్చడం అంటాం. ఈ తీగ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను కేలెబ్ హింగ్లీని, వడ్రంగిని. మా నాన్న శవపేటికలు చేసేవాడు. ఆ పని నాకు నచ్చక నేను గిటారు స్పీకర్లకు పెట్టెలు చేయడంలోకి దిగాను. చెక్క అదే, అతుకులూ అవే, లోపల ఉండేవాడు మాత్రం నోరు మూసుకోడు. చచ్చినవాళ్లు తిరిగి రావడం నేను నమ్మను. చిన్నప్పటి నుంచీ వాళ్ల మధ్యే పెరిగాను, ఒక్కడూ లేచి నన్ను మంచినీళ్లు అడగలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, చివరికొచ్చాక నన్ను పిచ్చివాణ్ణి అనుకోకుండా.

అక్క చదువు మానేయగానే కాలువ చివర స్పీకర్లు చేసే కార్ఖానాలో చేరింది. గదినిండా ఆడపిల్లలు వరసగా కూర్చుని కోనులకు జిగురు పూసేవాళ్లు. ఆ జిగురు కంపు వాళ్ల జుట్టులోంచి ఆదివారం చర్చిలో కూడా పోయేది కాదు. పెళ్లయ్యాక అక్క అక్కడ మానేసి, బర్మింగ్‌హాం పక్కన మా ఊరు క్రాడ్లీ హీత్‌లో తన పెరటి వెనక బట్టలు ఉడకబెట్టుకునే గదిలో సొంతంగా బల్ల వేసుకుంది. పొయ్యి ఎలాగూ ఉంది, జిగురు వెచ్చబెట్టుకోవడానికి సరిపోయింది. పగిలిన స్పీకర్లు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల బ్యాండ్లవాళ్లంతా మా సందులోకి రావడం మొదలెట్టారు.

ఎవరికి ఏ స్పీకరు నప్పుతుందో చెప్పడంలో ఆవిడ పద్ధతి ఆవిడదే. వచ్చినవాణ్ణి గిటారు వాయించమనేది కాదు, మాట్లాడించేది. ఒకసారి బర్మింగ్‌హాం నుంచి భుజాల దాకా జుట్టున్న పెద్దమనిషొకడు వచ్చి, ఊళ్లో అన్నిటికన్నా గట్టిగా అరిచే స్పీకర్లు కావాలన్నాడు. అక్క అతన్ని కూర్చోబెట్టి, బఠాణీలూ పందిమాంసమూ ఉడికించిన గిన్నె చేతికిచ్చింది. అతను తింటూ వాళ్లమ్మ గురించీ, కారు గురించీ, కారు పాడైన సంగతి గురించీ చెప్తూనే ఉన్నాడు. అంతా విని అక్క, "నువ్వు ప్రతి మాటకీ ముందు దగ్గుతావు నాయనా. పల్చటి కాగితం వేశాననుకో, ఆ దగ్గే వినపడుతుంది, మాట వినపడదు. నీకు మందపాటి కోను, బరువైన అయస్కాంతం" అంది.

"గట్టిగా అరవదా మరి?"

"నువ్వు అరుస్తున్నావుగా, చాలదూ?" అంది.

అతను అదే పట్టుకుపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు అక్కకు పూలు తెచ్చాడు, నాకు మాత్రం ఏమీ తేలేదు. పెట్టె చేసినవాణ్ణి ఎవడూ గుర్తుపెట్టుకోడు.

మా బావ రూబెన్ స్కిడ్మోర్ పగలు గొలుసుల కొట్టంలో సమ్మెట పట్టేవాడు, వారాంతాల్లో కార్మికుల క్లబ్బులో గిటారు పట్టేవాడు. ఆయన సమ్మెట దెబ్బ ఎంత బరువో గిటారు మీద చెయ్యి అంత తేలిక. నేనంటే ఆయనకు ఎగతాళి. క్లబ్బులో ఆడవాళ్లను రానివ్వని గది ఒకటుండేది. అందులో బీరు గ్లాసుతో నా భుజమ్మీద చరిచి, "ఏం కొయ్యదొరా, కొత్త పెట్టెలో ఎవణ్ణి పడుకోబెడుతున్నావ్?" అనేవాడు. ఆ పేరు ఆ గది దాటి బయటికొచ్చేది కాదు. నాన్న పనిని వెక్కిరిస్తే అక్క ఊరుకోదని ఆయనకు తెలుసు.

ఒక ఏడు అక్క నన్ను పిలిచి, రెండు స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పట్టే నిలువు పెట్టె చెయ్యమంది. పైభాగం పలక కాస్త వెనక్కి వాలాలంది.

"వాలితే ఏమొస్తుంది? చూడ్డానికి తాగినట్టుంటుంది" అన్నాను.

"ఆయన చెవి వైపు చూస్తుందిరా. ఎడమ చెవి వైపు. కుడిది పూర్తిగా పోయింది. సమ్మెట్లు తినేశాయి."

"బావకి చెవుడా? నాకెప్పుడూ చెప్పలేదే."

"ఆయనకే తెలీదు. ఊళ్లో వాళ్లంతా ఈ మధ్య గొణగడం మొదలెట్టారు అనుకుంటున్నాడు" అని అక్క జిగురు డబ్బా మూత బిగించింది. "అలాగే అనుకోనీ."

ఆ పెట్టెలో కింద బరువైన అయస్కాంతం, మందపాటి కోను ఉన్న స్పీకరు పెట్టింది. అది జనానికి, వెచ్చగా, గుండెల్లోంచి మాట్లాడినట్టుండేది. పైన మాత్రం చిన్న అయస్కాంతం, గట్టి పల్చటి కాగితం ఉన్నది పెట్టింది. మామూలు మనిషి దాని ముందు నిలబడితే పళ్లు జివ్వుమనేవి. చెవికి మొదట దూరమయ్యేవి సన్నటి శబ్దాలే, వాటిని ఆ పై స్పీకరు బావ ఎడమ చెవిలోకి సూదిలా ఎక్కించేది. బావకు అసలు విషయం తెలీదు కాబట్టి వాటికి పేర్లు పెట్టి నవ్వుకునేవాడు. కిందది పాస్టరుగారు, పైది అత్తగారు. అక్క కూడా నవ్వేది. మా అక్క అబద్ధం ఆడి ఎవరినైనా సుఖపెట్టిందంటే ఆయన్నే.

చెవి పోవడం వల్ల బావ వాయింపులో ఇంకో సంగతి చేరింది. ఇత్తడి తాళాల చప్పుడు అందక, డ్రమ్ము వాయించే ఈనాక్ బిల్లింగ్‌హాం చేతుల్ని చూసి వాయించేవాడు. చూసి వాయించేసరికి ప్రతి వరసా పిసరు ఆలస్యంగా, జారుతూ వచ్చేది. గుమ్మంలో ఆగి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచించి వచ్చే మనిషిలా ఉండేది ఆ స్వరం. జనం దాని కోసమే వచ్చేవాళ్లు. అది రూబెన్ స్కిడ్మోర్ కళ అనుకునేవాళ్లు. ఆ కళ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకూ అక్కకూ మాత్రమే తెలుసు.

కరెంటు కోతల శీతాకాలంలో ఆయన ఊపిరితిత్తులు ఆగిపోయాయి. పేటిక నేనే చేశాను. సమాధి చేసి వచ్చిన సాయంత్రం అక్క నల్లబట్టలు కూడా మార్చుకోకుండా పెట్టె వెనక పలక విప్పి, రెండు స్పీకర్లకూ తీగలు కట్టింది. దాని మీద బల్లగుడ్డ పరిచి, ముందుగదిలో కిటికీ పక్కకు నెట్టి, పైన పూలకుండీ పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు, థోరా. గొలుసుల కంపెనీ ఆఫీసులో టైపు కొట్టేది. గిటారు వాళ్ల నాన్న దగ్గరే నేర్చుకుంది గానీ ఆయన లాగా వాయించేది కాదు. తాళం కంటే ముందు పరిగెత్తే రకం, మెట్లు రెండేసి ఎక్కే పిల్ల. క్లబ్బు వార్షికోత్సవానికి బావ స్థానంలో వాయించమని ఆమెను అడిగారు. ఆమె అడిగింది ఒక్కటే, నాన్న పెట్టె.

అక్క చాలా రోజులు ఒప్పుకోలేదు. నేనే నచ్చజెప్పాను. "చెక్కా కాగితమూ అక్కా. గుడ్డ కప్పి కుండీ పెట్టుకుని పూజ చేస్తావా?" అన్నాను. అప్పుడు పూలకుండీ తీసి, వెనక పలక విప్పి, తీగలు తెంచింది.

వార్షికోత్సవం ఆదివారం మధ్యాహ్నం. కిటికీల్లోంచి ఎండ పడుతోంది, బల్లల మీద బీరు గ్లాసులు, పందితోలు వేపుడు పొట్లాలు. థోరా మొదటి పాట ఎత్తుకుంది. ఆమె వేళ్లు ఎప్పటిలాగే ముందుకు పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. శబ్దం మాత్రం పెట్టెలోంచి పిసరు ఆలస్యంగా, జారుతూ వచ్చింది, గుమ్మంలో ఆగి ఆలోచించి.

గదిలో మాటలు ఆగిపోయాయి. ఈనాక్ డ్రమ్ము వెనక తలెత్తి చూశాడు, పుల్లలు తొడ మీద పెట్టేసుకున్నాడు. ఒక ముసలావిడ గ్లాసు నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. పాటయ్యాక ఎంతసేపు చప్పట్లు కొట్టారో చెప్పలేను. థోరా ముఖం వెలిగిపోతోంది. "మావయ్యా, విన్నావా? అచ్చం నాన్నే" అంది.

"పాత కాగితమే, ఒక చేతికి అలవాటుపడింది. కొత్త చెప్పులు కరుస్తాయి, పాతవి కాలిని బట్టి సాగుతాయి" అన్నాను. మా పనివాళ్లంతా అనే మాటే అది. ఏళ్ల తరబడి ఒకడు వాయించిన కోను ఇంకొకడి చేతికొస్తే కొంతకాలం పాతవాడి వరస పోదంటారు. చెప్పులు కాలు కంటే ఆలస్యంగా నడవవు కదా అని నాకు అప్పుడు తట్టలేదు. అక్క మాత్రం ఒక మూల నిలబడి, చప్పట్లు కొట్టకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని పెట్టె వైపే చూస్తోంది. ఆవిడ కళ్లలో సంతోషముందో భయముందో పోల్చుకోలేకపోయాను. ఇప్పుడనిపిస్తుంది, రెండూ ఉన్నాయని.

ఆ తర్వాత ప్రతి ఆదివారం క్లబ్బు నిండిపోయేది. అక్క ముందు వరసలో కూర్చుని వినేది. బావ పోయాక ఆవిడ మళ్లీ జుట్టు దువ్వుకోవడం నేను చూసింది ఆ రోజుల్లోనే. అందుకే నేను చూస్తున్నవి చూడనట్టు ఊరుకున్నాను. థోరా భోజనాల దగ్గర తల పక్కకు తిప్పడం మొదలెట్టింది. ఎడమ చెవి మన వైపు వచ్చేలా. ఆఫీసులో కాగితం అంచు దాటి టైపు మిషను రోలరు మీద కొట్టేసిందని పై అధికారి చీవాట్లు పెట్టాడు. వరస చివర మోగే చిన్న గంట ఆమెకు వినపడటం లేదు.

ఒక ఆదివారం మేం ముగ్గురం వంటింట్లో ఉన్నాం. అక్క రొట్టె కోస్తోంది, థోరా పొయ్యి పక్కనే కూర్చుని పత్రిక చదువుకుంటోంది. టీ కెటిల్ ఈల వెయ్యడం మొదలెట్టింది. అది చిన్న ఈల కాదు, పక్కింటివాళ్లు గోడ కొట్టే ఈల. థోరా పేజీ తిప్పింది. కెటిల్ అరుస్తూనే ఉంది, ఆవిరి ఆమె చెంప మీదికి పోతోంది. ఆమె ఇంకో పేజీ తిప్పింది. అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. నేను లేచి కెటిల్ దించాను.

థోరా నా వైపు తలెత్తి, తల పక్కకు వాల్చి, నవ్వింది. "ఏం కొయ్యదొరా, టీ నువ్వే కలుపుతున్నావా ఇవాళ?" అంది.

కెటిల్ పక్కన పెట్టేసి ఆమె వైపు తిరిగాను. "ఏమన్నావ్?"

"టీ నువ్వే కలుపుతున్నావా అన్నాను మావయ్యా."

"అంతకు ముందు."

"ఏమీ అనలేదే" అంది. ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదు, దాని ముఖం నాకు తెలుసు. ఎందుకు అడుగుతున్నానో కూడా దానికి అర్థం కాలేదు. కొయ్యదొర ఎవరని అక్క నన్ను అడిగింది. చెప్పాను. అక్క రొట్టెముక్కలు మళ్లీ గిన్నెలో సర్దిపెట్టి, పైన గుడ్డ కప్పింది.

డాక్టరు థోరా చెవుల్లో దీపం వేసి చూసి అంతా శుభ్రంగా ఉందన్నాడు. ఉంటుంది మరి, ఆమె చెవులు ఆమెవే. నేను నాకు తెలిసిన తోవలో వెళ్లాను. ఆ పై స్పీకరు ఆమె చెవిని తొలిచేస్తోంది, పెట్టె ఇంకోవైపు తిప్పాలి అన్నాను. తిప్పాం. ఆమెకు కుడివైపున పెట్టాం. మొదటి పాట అయ్యేలోగా ఆమె తెలీకుండానే నడుచుకుంటూ చుట్టూ తిరిగి, ఎడమ చెవి దానికి ఆనేలా వచ్చి నిలబడింది. వాయిస్తూ ఈనాక్ చేతుల వైపే చూస్తోంది. ఈనాక్ నా దగ్గరకొచ్చి, "అలా చూడొద్దని పిల్లకి చెప్పు. నాకు వెన్నులో చలేస్తోంది" అన్నాడు.

శనివారం పొద్దున్న అక్కా నేనూ పెట్టెను పెరటి గదిలోకి మోసుకెళ్లాం. వెనక పలక విప్పి, పై స్పీకరు ఊడదీసి, బల్ల మీద వెల్లకిలా పెట్టింది. రాగి నాలుకలు ఖాళీగా ఉన్నాయి. తీగ లేదు. నేను రెండుసార్లు చూశాను.

అక్క బొటనవేళ్లు ఆనించి నొక్కింది. నొక్కి, అలాగే ఆగిపోయింది.

"ఏమైంది?"

"నువ్వు పట్టి చూడు" అంది.

తీగ కట్టని కోను తేలిగ్గా లోపలికి పోవాలి. అది పోలేదు. నా వేళ్ల కింద మెత్తగా బిగుసుకుంది. ఇంకాస్త నొక్కాను. అది ఆగి, ఆలోచించి, పిసరు ఆలస్యంగా నా వేళ్లను వెనక్కి నెట్టింది. అరచెయ్యికి అరచెయ్యి ఆనించి నెడితే ఎలా ఉంటుందో అలా. నేను వేళ్లు లాగేసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాను. భయపడ్డాను, సిగ్గెందుకు.

"కోసెయ్యక్కా. కోను కోసి పొయ్యిలో వెయ్యి. కొత్తది వేసెయ్యి" అన్నాను. పాత కోనులు ఎప్పుడూ పొయ్యిలోకే పోయేవి.

"ఇన్నేళ్లలో నేను మార్చని కోను ఇదొక్కటేరా."

"పిల్ల చెవులు పోతున్నాయి. పిల్లే పోతోంది. నువ్వు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు."

అనకూడని మాటే, కానీ నా కోపం అలాంటిది. అక్క కళ్లనిండా నీళ్లు తిరిగాయి. సమాధి దగ్గర రాని నీళ్లు. చాలాసేపు ఆ కోను మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది, జ్వరం వచ్చినవాడి నుదుటి మీద పెట్టినట్టు. తర్వాత బ్లేడు అందుకుని, "నువ్వెళ్లు. ఈ పని నేను ఒక్కదాన్నే చేసుకుంటా" అంది.

గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచింది. "ఒరే, ఒక చిన్న పెట్టె చేసి పెట్టు. ఒకటే స్పీకరు పట్టేది. వంటింట్లో రేడియోకి తగిలించుకుంటా. ఒక్కదాన్నే ఉంటే బోసిగా ఉంటోంది."

"ఇప్పుడు రేడియో గుర్తొచ్చిందా నీకు?" అన్నాను గానీ, మిగిలిపోయిన పలకలతో చేసిపెట్టాను. ఇచ్చేటప్పుడు పెరటి గదిలో కాలిన కాగితం వాసన వచ్చింది. పొయ్యి వైపు చూశాను, మసి ఉంది. నా మనసు కుదుటపడింది.

థోరా పెట్టెలో పైన కొత్త స్పీకరు కూర్చుంది. దాన్ని అక్క చాలా ఆలోచించి ఎంచుకుంది. పరిగెత్తే చెయ్యికి సరిపోయేలా చురుగ్గా ఉండి, చెవిని గుచ్చకుండా అంచు దగ్గర మెత్తటి కాగితం ఉన్నది. "ఇది ఎవరిదీ కాదు. దీనికి నువ్వే నేర్పుకో" అని కూతురికి చెప్పింది. ఆ ఆదివారం థోరా వాయించింది, తాళం కంటే ముందు, రెండేసి మెట్లు ఎక్కుతూ. క్లబ్బులో సగం మంది ముఖాలు మాడ్చుకున్నారు. ఈనాక్ మాత్రం నవ్వుతూ ఆమె వెనక పరిగెత్తాడు. కొన్నాళ్లకు టైపు గంట వినపడింది, కెటిల్ ఈలకు ఆమే ముందు లేచింది, నన్ను మావయ్యా అని తప్ప ఇంకోలా పిలవలేదు. బర్మింగ్‌హాం బ్యాండొకటి ఆమెను పిలుచుకుంది. ఆమె అక్కడే గది తీసుకుంది. నేను చెప్పినట్టు చేశారు కాబట్టే అంతా సర్దుకుందని క్లబ్బులో కనపడినవాడికల్లా చెప్పుకున్నాను.

వేసవి చివర్లో ఈనాక్ ఒక స్పీకరు చంకలో పెట్టుకుని నా కొట్టుకొచ్చాడు. క్లబ్బు వాళ్లది, అక్క కొత్త కోను వేసి ఇచ్చింది. "కేలెబ్, ఏమనుకోకు. ఇది గీరుతోంది. మీ అక్కకి నువ్వే చెప్పు, నాకు నోరు రావట్లేదు" అన్నాడు.

నమ్మలేదు. బొటనవేళ్లతో నొక్కి చూశాను. నా చెవికే వినపడింది, గరగర, ఇసుక మీద తలుపు లాగినట్టు. హిల్డా స్కిడ్మోర్ బల్ల మీంచి అలాంటిది ఒక్కటి కూడా బయటికి రాలేదు. దాన్ని తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను.

పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికే కెటిల్ ఈల వినపడింది. తలుపు తట్టాను, పలకలేదు. లోపలికి వెళ్లాను. వంటింటి నిండా ఆవిరి. అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది, ముఖం మీద చిన్న నవ్వుతో. పక్కన అలమర మీద నేను చేసిన పెట్టె. కెటిల్ ఆమె వీపు వెనక గొంతు చించుకుంటోంది. పొయ్యి ఆర్పాను. అప్పుడు కూడా ఆవిడ తిరగలేదు.

రేడియో కోసం చూశాను. అది అవతలి గదిలో, బల్ల కింద, వైరు చుట్టి పెట్టి ఉంది. పెట్టె వెనక్కి చూశాను. రాగి నాలుకలకు ఏ వైరూ లేదు, తీగముక్కా లేదు. ముందు కట్టిన గుడ్డ మాత్రం సన్నగా కదులుతోంది. లోపలికి, కాస్త ఆగి, బయటికి. ఆ ఆగడం నాకు తెలుసు. అంతమంది శవాల మధ్య పెరిగినవాణ్ణి, రెండడుగులు వెనక్కి వేశాను.

భుజం మీద చెయ్యేస్తే అక్క ఉలిక్కిపడి తిరిగింది. నన్ను చూసి తల పక్కకు వాల్చింది, ఎడమ చెవి నా వైపు వచ్చేలా. "ఏం కొయ్యదొరా, ఎప్పుడొచ్చావ్?" అంది.

నేను కుర్చీలో కూలబడ్డాను. "కాల్చేశానన్నావు కదక్కా" అన్నాను, గట్టిగా.

"కాల్చానని ఎప్పుడన్నాను? నువ్వే మసి చూసి అనుకున్నావు. కార్ఖానా నాటి పాత కోను వేశాను పొయ్యిలో." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "బ్లేడు పెట్టాన్రా. పెట్టగానే నా చెయ్యి పట్టుకున్నట్టు నెట్టాడు. పిల్ల దగ్గర ఉండకూడదు, ఒప్పుకుంటా. కానీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

నేను తెచ్చిన స్పీకరు బల్ల మీద పెట్టాను. ఆవిడకు నేను చెప్పాల్సిన పనిలేకపోయింది. దాన్ని దగ్గరికి లాక్కుని, బొటనవేళ్లు ఆనించి, ఎడమ చెవి వంచి, నొక్కింది. వంటిల్లంతా వినపడేలా గీరింది. ఆవిడ ఇంకోసారి నొక్కి, ఇంకోసారి విని, నా ముఖంలోకి చూసింది.

"బాగుందా?"

"బాగుందక్కా."

"అబద్ధాలు నా దగ్గరే నేర్చుకున్నావు, ఇంకా సరిగ్గా రాలేదు" అంది. తీగముక్క తీసి ఆ స్పీకరు నాలుకలు రెండూ కట్టి, నా చేతిలో పెట్టింది. ఆవిడ కట్టిన చివరి తీగ అదే. బల్లా, జిగురు డబ్బాలూ, బ్లేళ్లూ మర్నాడు నేనే సర్దాను. ఆవిడ చెవులతో చేసిన పని అది, చెవులు లేకపోతే ఏముంది.

టీ కలిపి ఇచ్చాను. కప్పు అందుకుంటూ ఆవిడ కిటికీలోంచి వీధి వైపు చూసింది. అవతల ఇద్దరు ఆడవాళ్లు గోడ మీద వంగి కబుర్లు చెప్పుకుంటున్నారు. "ఊళ్లో వాళ్లంతా ఈ మధ్య గొణగడం మొదలెట్టార్రా" అంది. అని నా వైపు తిరిగి నవ్వింది, నాకు అర్థమైందో లేదో చూడ్డానికి.

నవ్వలేకపోయాను. లేచి, పొయ్యి పక్కనున్న కట్టెల్లోంచి ఒక పల్చటి చెక్కపేడు తీసుకున్నాను. పెట్టె ముందువైపు ఎత్తి, పేడు కిందికి తోశాను. ఎత్తేటప్పుడు చెక్కలోంచి నా అరచేతికి ఆ నెట్టుడు తగిలింది, పిసరు ఆలస్యంగా. పెట్టె వెనక్కి వాలి, ఆవిడ ఎడమ చెవి వైపు చూసింది.